ఈతకు నోచని నగరము

ఈదుట, సైకిలు తొక్కుట, పరుగెత్తుట అను మూడు విద్యలను నడుమ విరామము లేక ఒకదాని వెంట నొకటిగా నెరవేర్చవలసిన ట్రయాథ్లాన్ అను క్రీడ సంపన్నుల వినోదమనియు, గచ్చిబౌలి, మాదాపూరు ప్రాంతముల సాఫ్ట్‌వేరు ఉద్యోగులకే తగినదనియు మన జంటనగరములలో ఒక అభిప్రాయము స్థిరపడిపోయినది. సికిందరాబాదు బన్సీలాల్‌పేటలో కాపురముండి, ఆ పేటకే చెందిన మిత్రులతో కూడి ఇట్టి పోటీలో పాల్గొన్నవాడ నగుటచే, ఆ అభిప్రాయము సగము అసత్యమనియు, తక్కిన సగము సత్యమగుటకు హేతువు మన పౌరజీవన వ్యవస్థయందే యున్నదనియు చెప్పుట నా ధర్మముగా భావించుచున్నాను.

ఈ క్రీడ పుట్టుకయే స్నేహితుల గోష్ఠిలో జరిగినది. 1974 సెప్టెంబరులో అమెరికాలోని శాండియాగో నగరమున మిషన్ బే తీరమునందు ఒక పరుగుపందెగాండ్ర సంఘము తొలి పోటీని ఏర్పరుపగా, దానికి వచ్చినవారు 46 మంది. 1978 ఫిబ్రవరిలో హవాయిలో, ఈతగాడు దృఢకాయుడా, సైకిలువాడా, పరుగువాడా యను వాదమును తేల్చుకొనుటకై నౌకాదళాధికారి జాన్ కాలిన్స్ ప్రేరణపై జరిగిన మొదటి ‘ఐరన్‌మ్యాన్’ పోటీలో పదునైదుగురు బయలుదేరి పన్నిద్దరు గమ్యము చేరిరి. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగుతో కూడిన ఆ ఘోరవ్రతమే జనుల కన్నులలో ట్రయాథ్లాన్ అయి కూర్చున్నది కాని, సామాన్యులకొరకు ‘స్ప్రింట్’ అను చిన్న పోటీ కలదు: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ వారు గచ్చిబౌలిలో నడపుచు వచ్చిన పోటీల మూలమున ఈ చిన్న కొలతలు మన ప్రాంతపు ఔత్సాహికులకు పరిచయమైనవి.

మా బృందమున మందుల దుకాణము నడుపు మిత్రుడొకడు, రైల్వే గుమాస్తా యొకడు, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయిని యొకామె. పరుగునకు, సైకిలునకు మాకు కొదువ కలుగలేదు. తెల్లవారుజామున బైబిల్ హౌస్ మీదుగా కవాడిగూడకు, అచ్చటనుండి ట్యాంక్‌బండ్‌కు చేరి, ఇప్పుడు పి.వి. నరసింహారావు పేరు వహించిన నెక్లెస్ రోడ్డు వెంట సంజీవయ్య పార్కు దాక పోయి, రాణీగంజ్ మీదుగా మరలివచ్చుట దినచర్య యయ్యెను. వేలకు వేలు పోసి కొన్న గేరు సైకిలు లేనివాడు ఈ పోటీకి పనికిరాడన్నది వట్టి అపోహ; బ్రేకులు చక్కగా పనిచేయు సైకిలు, గట్టి హెల్మెట్టు ఉన్న చాలును. మందుల దుకాణపు మిత్రుడు తన కుమారుని పాత సైకిలుకే కొత్త టైర్లు వేయించుకొని వచ్చెను.

మమ్ములను నిలిపివేసినది నీరు. పేటకు దగ్గరలో ఈతకొలను వెదుకగా, ఒకచోట వేసవి ముగియగానే తాళము పడెను. మరొకచోట నెలసరి రుసుము గుమాస్తా జీతమునకు అందనిదయ్యెను. ఇంకొకచోట స్త్రీలకు కేటాయించిన గంట సరిగా బడి గంటయే యయ్యెను. అన్నిటికంటె కష్టము ఉపాధ్యాయినిదే. నలుబది యేండ్లు దాటిన ఆమెకు ఈత బొత్తిగా రాదు. దూరపు కొలను నొకదానిని కుదుర్చుకొని, అచ్చటి చిన్నవయసు శిక్షకురాలి యొద్ద ఆమె నేర్చుకొనుచుండగా నేను గట్టుపై నుండి చూచితిని. భయముచే చేతులతో నీటిని బాదుచున్న ఆమెతో, నడుములోతు నీట నిలిచిన ఆ పిల్ల, “అక్కా, నీళ్ళను కొట్టకు, మెల్లగ నూకు. నీళ్ళే నిన్ను మోస్తయ్” అని చెప్పుచు, ఆమె వీపు క్రింద రెండు వ్రేళ్ళు మాత్రము ఆనించి యుంచి, కొంతసేపటికి ఆ వ్రేళ్ళను సైతము తీసివేసెను. తీసివేసిన సంగతి ఆమె యెరుగదు. వెల్లకిల తేలుచు ఆకాశమును చూచుచుండిన ఆ ముఖమున నేను కన్న ప్రశాంతికి ఏ పతకమును సరితూగదు.

పోటీనాటి సంగతులలో ఒక్కటి చెప్పెదను. కొలను మెట్లెక్కి, తడిబట్టలతోడనే పరుగెత్తి, ఇనుపకమ్ములకు వరుసగా తగిలించిన సైకిళ్ళ నడుమ తనదానిని గుర్తుపట్టి, హెల్మెట్టు పట్టీ బిగించిన పిమ్మటనే దానిని ముట్టుకొనవలెనను నియమము తప్పక బయలుదేరవలెను. సైకిలు దిగి పరుగు మొదలిడిన తొలి కొన్ని నిమిషములు తొడలు తడిసిన ఇసుకమూటలవలె నుండును. శరీరము తన్ను తాను మరల గుర్తెరుగునంతవరకు ఓర్పు వహించుటయే అచ్చటి విద్య. అలసిన యీతగాడు కొలనులోని త్రాటిని పట్టుకొని ఊపిరి తీసుకొనవచ్చును, త్రాటిని లాగి ముందునకు పోరాదు. ఉపాధ్యాయిని ఆ త్రాటి నాశ్రయించుచు, విడుచుచు, చివరివారిలో ఒకతెగా గట్టుచేరి, సైకిలును, పరుగును గూడ ముగించెను. ఆమెకంటె ముందు ముగించినవారెల్లరు ఆమె వచ్చువరకు కదలలేదు. అన్యోన్య మాత్సర్యము లేని ఇట్టి స్పర్ధను మన పిల్లలు చూడవలెను.

ఈతయన్నది మన జాతికి కొత్తది కాదు. తెలంగాణ పల్లెలలో నడుమునకు ఎండిన సొరకాయ బుర్రనో, బెండ్లనో కట్టి పిల్లవానిని వ్యవసాయపు బావిలోనికి దింపుట తండ్రుల, మేనమామల విధులలో ఒకటిగా నుండెను. మా పేటయే ఒక బావికి ప్రసిద్ధి. పూర్వము నాగన్నకుంటగా పిలువబడిన ఈ చోటును 1933లో బ్రిటిషు రెసిడెంటు కీస్ ఆదర్శగ్రామముగా తీర్పించగా, విరాళమిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు దానికి నిలిచినది. ఇచ్చటి పదునేడవ శతాబ్దపు మెట్లబావి దశాబ్దములుగా చెత్తతో పూడిపోయి, పౌరుల, ప్రభుత్వపు సమష్టి కృషిచే పునరుద్ధరింపబడి, 2022 డిసెంబరులో ప్రారంభోత్సవము నొందినది. ఆ బావిలో ఈదనిండని నేను కోరుట లేదు. అట్టి ప్రాచీన కట్టడమును కన్నులతో చూచి కాపాడుకొనుటయే యుక్తము. కాని పూడిన బావిని పునరుద్ధరింపగల నగరము, బావులు నేర్పిన విద్యను ఏల పునరుద్ధరింపరాదు? మన దేశమున ఏటా ముప్పదివేలకు పైబడి జనులు నీట మునిగి మరణించుచున్నట్లు జాతీయ నేరగణాంక సంస్థ లెక్కలు చెప్పుచుండగా, ఈతను విలాసముగా నెంచుట నా దృష్టిలో క్రూరత్వమే.

ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, పదునారవ శతాబ్దములో త్రవ్వబడిన హుస్సేన్‌సాగరము మా పేటకు నడకదూరమున నున్నది. ఏటేటా దానిపై తెరచాప పడవల పోటీలు జరుగును. కాని ఆ నీట మనిషి దిగి ఈదుటకు వీలులేదు. ఇది విధిలిఖితమని సరిపెట్టుకొనువారు పారిస్ వైపు చూడవలెను. 1923లో సెయిన్ నదిలో ఈత నిషేధించిన ఆ నగరము, శతాబ్దము గడచిన పిమ్మట మురుగునీటి నిలువకై భూగర్భమున మహాకుండము నిర్మించి, 2024 ఒలింపిక్స్ ట్రయాథ్లాన్‌ను ఆ నదిలోనే జరిపినది. వానలకు నీరు చెడి పురుషుల పోటీ ఒకదినము వాయిదా పడెను, ఎందరో విమర్శించిరి. అయినను 2025 జూలైలో సామాన్య జనులకు గూడ ఆ నదిలో ఈతచోటులు తెరచిరి.

సాగరము శుద్ధియగువరకు మేము కాచుకొని యుండనక్కరలేదు. 2021లో ఆదివారపు సాయంత్రములు వాహనముల నాపి ట్యాంక్‌బండ్‌ను జనులకు విడిచిన అధికారులకు, ఒక్క ఆదివారపు ఉదయము మూడు గంటలసేపు నెక్లెస్ రోడ్డును సైకిళ్ళకు, పరుగునకు విడుచుట అసాధ్యము కాదు. 400 మీటర్ల ఈత, 10 కిలోమీటర్ల సైకిలు, రెండున్నర కిలోమీటర్ల పరుగుతో, నామమాత్రపు రుసుముతో, నగరపాలక సంస్థ కొలను మొదలుకొని ఆ రోడ్డునందలి పీపుల్స్ ప్లాజా వరకు ఒక పోటీ జరుపవచ్చును. ఇంతకంటె ముందు చేయదగినవి కలవు: ఉన్న కొలనులను వేసవికి పిదప గూడ తెరచి యుంచుట, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు వారమునకు రెండు గంటలు ఉచితముగా నిచ్చుట, ప్రతి కొలనునకు ఒక శిక్షకురాలిని నియమించి, బడి విడిచిన తరువాతి వేళను స్త్రీలకు కేటాయించుట. నీటి ఖర్చును, క్లోరిను ఖర్చును చూపి అధికారులు అభ్యంతరము చెప్పవచ్చును, ఆ ఖర్చు నిజమే. దానిని పార్కుల ఖర్చువలె, వీథిదీపముల ఖర్చువలె పౌరుల పాలి కనీసావసరముగా వచ్చే బడ్జెటులోనే వ్రాసికొనవలెనని నా ప్రార్థన.