నాలుగో తరగతి పిల్లోడికి నిమిషానికి ఎన్ని మాటలు?

సెలవుల్లో మన యానాది కాలనీల్లో పిలకాయలకి చదువు చెప్పేటప్పుడు "మూడు నెలల్లో అందరూ గడగడా చదవాలి" అని టార్గెట్ పెడదామని గ్రూపులో ఒక అన్న అన్నాడు. వద్దన్నా. ఆ తప్పు మేం ఒకసారి చేశాం.

కేంద్రం 2021 జూలైలో నిపుణ్ భారత్ అని మొదలుపెట్టింది. దాని ప్రకారం రెండో తరగతి అయ్యేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి అయ్యేసరికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటా చదవాలి. ఆ లెక్కని మేం తప్పుపట్టం. కానీ అమ్మానాయనతో రొయ్యల గుంటల కాపలాకి పోయి, ఏడాదిలో సగం రోజులు బడి మొహం చూడని పిల్లోడికి కూడా రేపే 60 అంటే ఎట్టా?

మేం హాస్టల్ నుంచి ఆదివారాలు పోయే కాలనీలో నాలుగో తరగతి పిల్లోడున్నాడు. మొదటిరోజు ఫోన్లో టైమర్ పెట్టి చదివిస్తే 9 మాటలు వచ్చాయి. అవీ అక్షరం అక్షరం కూడబలుక్కుని. "కృష్ణపట్నం" దగ్గర పుస్తకం మూసేశాడు. ఆ ఊరికి కళ్ళు మూసుకుని పోయి రాగలడు వాడు! మేమేమో 60 అని పెద్దగా రాసి గోడకి అంటించాం. రెండో ఆదివారం వాడు రాలేదు, పీతలకి పోయాడని వాళ్ళమ్మ చెప్పింది. మూడో వారం ఆ కాగితం చించేసి, వాడి ఇంటికి పోయి పిలుచుకొచ్చాం.

ఇప్పుడు వారానికి ఒక్క మాట పెరిగితే చాలంటున్నాం. వారమంతా ఒకే పేరా వాళ్ళక్క చదివిస్తుంది, ఆదివారం లెక్కకి మాత్రం కొత్త పేరా. వల, పడవ, పీత లాంటి వాడి మాటలతో పేరాలు మేమే రాస్తాం. మూడు నెలలకి 20 దాటితే మాకు పండగే. అసర్ సర్వేలో కూడా పిల్లోడి తరగతి ఏదైనా సరే, అక్షరం, మాట, పేరా, కథ... వీటిల్లో ఎక్కడిదాకా చదవగలడో చూస్తారు. మనమూ అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

ఇంకో తిరకాసుంది. "వెళ్ళిపోతున్నారంటే" మన తెలుగులో ఒక్క మాటే, ఇంగ్లీషులో నాలుగైదవుతాయి. అందుకని వేగం ఒక్కటే చూస్తే మోసపోతాం. తప్పులు తగ్గాయా, చదివింది సొంతంగా చెప్పగలడా అని కూడా రాసుకుంటున్నాం.

"మనోళ్ళకి మనమే తక్కువ పెడితే ఎట్టా?" అని కోప్పడేవాళ్ళు ఉంటారు. ఆ కోపం మాకూ ఉంది. మాలో ఒకడు ఏడో తరగతిలో కూడా పాఠం చదవలేక చివరి బెంచీలో తల దించుకుని కూర్చున్నాడు. 60 ని మేం వదల్లేదు, తేదీ మార్చాం అంతే. సిగ్గుపడి వాడు బడి మానేస్తే గుంట కాపలా పని రెడీగా ఉంటుంది, దానికి చదువుతో పనిలేదు.

పోయిన ఆదివారానికి 14 మాటలయ్యాయి. కృష్ణపట్నం దగ్గర ఇంకా ఆగతానే ఉన్నాడు.