నంబర్ ప్లేటు కనిపిస్తే చాలా?

వరికోతలు మొదలయ్యాయంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల దారుల పొడవునా వడ్ల కుప్పలే. సగం రోడ్డు మీద ధాన్యం, దాని చుట్టూ బండరాళ్లు, రాత్రయితే పైన నల్ల పరదా. దాన్ని దాటితే వెనుక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ. పొద్దుగూకాక ఈ దారుల్లో బండి నడిపేవాడికి ఎదురుగా ఉన్నది కనిపిస్తే సరిపోదు. కంటి కొసన మెదిలిన నీడను కూడా పట్టుకోవాలి. మన లైసెన్సు విధానం ఆ చూపును ఎన్నడూ పరీక్షించదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని ఫారాలు చూపు గురించి అడిగేది కొంచెమే: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన కారు నంబర్ ప్లేటు పోల్చుకోగలరా, రేచీకటి ఉందా, రంగుల తేడా తెలుస్తుందా. ఫారం-1 దరఖాస్తుదారు సొంత ప్రకటన. ఫారం-1ఏ మీద డాక్టరు సంతకం చేయాలి. నలభై దాటినవారికి, రవాణా వాహనాలు నడిపేవారికి అది తప్పనిసరి. ఆ సంతకం ఎక్కడ, ఎంతసేపట్లో దొరుకుతుందో రెన్యువల్‌కు పోయొచ్చిన ఎవరినైనా అడగండి.

ఈ ప్రశ్నలకు దొరక్కుండా జారిపోయేది షుగర్ కన్నే. 2022లో వెలువడిన దేశవ్యాప్త సర్వే ప్రకారం నలభై, ఆపై వయసు షుగర్ రోగుల్లో సుమారు ఎనిమిది మందిలో ఒకరికి రెటీనా దెబ్బతింది. రక్తం సరిగా అందని రెటీనా కొత్త రక్తనాళాలను మొలిపిస్తుంది. అవి బలహీనమైనవి, చిట్లి కంట్లో రక్తం నిండుతుంది. దాన్ని ఆపడానికి రెటీనా అంచుల్లో వెయ్యికి పైగా చుక్కలుగా లేజర్‌తో కాలుస్తారు. నడిమి భాగాన్ని ముట్టుకోరు. అంచులకు ఆకలి తగ్గితే కొత్త నాళాలు వాడిపోతాయి. తీవ్రంగా చూపు పోయే ముప్పు ఈ వైద్యంతో సగానికి పైగా తగ్గుతుందని అమెరికా అధ్యయనం 1976లోనే తేల్చింది.

కానీ ఆ అంచులే పక్కచూపుకూ, మసక వెలుతురులో చూపుకూ ఆధారం. లేజర్ పడ్డ మనిషి ఆస్పత్రి చార్టులో చివరి వరుస దాకా చదివేస్తాడు, నంబర్ ప్లేటూ చదువుతాడు. ఎడమ పక్క గల్లీలోంచి వచ్చే సైకిలే ఆలస్యంగా కనిపిస్తుంది. 2018లో, మళ్లీ 2023లో రాష్ట్ర ప్రభుత్వ కంటివెలుగు పథకం ఊరూరా తిరిగి అద్దాలిచ్చింది, మంచి పనే. పోయిన పక్కచూపును మాత్రం ఏ అద్దమూ తేలేదు.

బ్రిటన్‌లో రెండు కళ్లకూ ఈ లేజర్ పడితే లైసెన్సు సంస్థకు చెప్పాలి. యంత్రం ముందు కూర్చుని, నడిమి చుక్క మీదే చూపు నిలిపి, చుట్టూ వెలుగు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. కారుకు అడ్డంగా 120 డిగ్రీల చూపు ఉండాలి. లారీ, బస్సులకు 160 డిగ్రీలు. లేజర్ పడ్డవారంతా అందులో తప్పరు. కొలవకుండా ఎవరు సరిపోతారో, ఎవరు సరిపోరో చెప్పలేం. కొలవాలని నేను అంటున్నది అందుకే.

నిబంధన ఒక్కటే తెస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. గల్ఫ్‌లో డ్రైవరుగా చేసి వచ్చి, ఫైనాన్సు మీద ఆటోనో ట్రాలీనో కొన్నవాడికి లేజర్ అంటే లైసెన్సు పోవడమేనని తెలిస్తే ఆస్పత్రి గడప తొక్కడు. లేజర్ లేకుండా నడిపే కన్ను ఇంకా ప్రమాదకరం, ఏదో ఒకరోజు రక్తం కమ్మి మొత్తమే మూసుకుంటుంది. కంట్లో వేసే ఇంజెక్షన్లతో పక్కచూపు నష్టం తక్కువని 2015 నాటి అధ్యయనం చెప్పింది. కానీ వాటికి నెలల తరబడి తిరగాలి, మధ్యలో మానేస్తే జబ్బు తిరగబడుతుంది. నెలకు ఇరవై రోజులు లారీ మీద ఉండేవాడికి అది కుదిరే పనేనా?

ఆర్టీసీ డ్రైవరైతే కథ కొంత వేరు. 2014లో ఉద్యోగంలో చేరి, తర్వాత రంగులు పోల్చుకోలేడని ఇంటికి పంపేసిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో, కార్మిక సంఘాలతో యాజమాన్యం చేసుకున్న ఒప్పందం ప్రకారం వేరే పని ఇవ్వాల్సిందేనని ఆదేశించింది. కూలికి లారీ తోలేవాడికి అలాంటి యాజమాన్యమూ లేదు, అలాంటి ఒప్పందమూ లేదు. చూపు తగ్గిందన్న మాటను అతను దాచిపెడితే తప్పంతా అతనిదే అనలేను.

చేయగలిగిన పని పెద్దదేమీ కాదు. పాక్షిక వర్ణాంధత ఉన్నవారికి లైసెన్సు ఇచ్చేందుకు 2020 జూన్‌లో కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో ఇవే ఫారాలను మార్చింది. అదే దారిలో ‘రెండు కళ్లకూ లేజర్ పడిందా?’ అన్న ప్రశ్న చేర్చవచ్చు. పడిందంటే పక్కచూపు పరీక్ష జగిత్యాల, సిరిసిల్ల ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఉచితంగా జరగాలి, ఏజెంటు తెచ్చే సంతకంతో కాదు. తప్పినవారి బండి అప్పు వాయిదాలకు గడువు, మరో పనికి సాయం అదే ఉత్తర్వులో ఉండాలి. అవి లేకపోతే ఆ ప్రశ్నకు అందరూ ‘లేదు’ అనే రాస్తారు. ఆ ఉత్తర్వు వచ్చేలోగా కంటి డాక్టర్లు లేజర్ చివరి సిట్టింగ్ అయ్యాక ఆ మనిషి ఏం పని చేస్తాడో అడిగి, డ్రైవరైతే పక్కచూపు కొలిచి, రాత్రి బండి తీయాలో వద్దో చీటీ మీద తెలుగులో రాసివ్వవచ్చు.