నర్సుకి ఎం.యస్సీ. ఎందుకంటారా?

మన కాలేజీలో ఎం.యస్సీ. అంటే ఫిజిక్సు, కెమిస్ట్రీ, జువాలజీ. నర్సింగులో కూడా ఎం.యస్సీ. వుందంటే మనవాళ్ళలో కొందరికి నవ్వొస్తుంది. సూది వెయ్యటానికీ, మాత్రలివ్వటానికీ రెండు డిగ్రీలెందుకూ అంటారు. పైవాళ్ళ సంగతెందుకు, మా యింట్లోనే యీ మాట నడుస్తోంది. మా అక్క బి.యస్సీ. నర్సింగు పూర్తిచేసి ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తోంది. యిప్పుడు ఎం.యస్సీ. చదువుతానంటోంది. "చేతిలో వుద్యోగం పెట్టుకుని మళ్ళీ రెండేళ్ళు పుస్తకాలేమిటే!" అని మా మేనత్త. నాన్న యింకా ఎటూ తేల్చలేదు. ఆయన్ని ఒప్పించటానికి నేను చెబుతున్న మాటలే యీ వ్యాసం అనుకోండి.

మేం సేద్యగాళ్ళం. కొత్త మిరప విత్తనం వచ్చిందంటే నాన్న తొలి ఏడాదే చేనంతా దాంతో నింపడు. ఒక చెక్కలో కొత్తది, పక్క చెక్కలో పాతది వేస్తాడు. కాయ కోశాక రెండూ వేర్వేరుగా తూయిస్తాడు. కొట్టువాడు చెప్పాడనో, పక్కూరి ఆసామి వేశాడనో నమ్మడు. పరీక్షించి నమ్మటమంటే యిదే. అయితే యిందులో ఒక చిక్కుంది. కొత్త విత్తనం నీరు బాగా అందే చెక్కలో పడిందనుకోండి, పండిన గొప్ప విత్తనానిదా, నీటిదా? ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పనిచేసిన ఆర్.ఎ. ఫిషర్ 1920లలో దీనికి విరుగుడు చెప్పాడు. ఏ చెక్కలో ఏది వెయ్యాలో మనం ఎంచుకోకూడదు, చీట్లు వేసినట్టు తేల్చుకోవాలి. ఒక్క చెక్కతో సరిపెట్టక చాలా చెక్కల్లో చూడాలి. ఆ పద్ధతే తర్వాత ఆస్పత్రి గడప తొక్కింది. క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఎంతవరకు పనిచేస్తుందో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి 1948లో వెల్లడించింది కూడా, రోగులను యిలాగే రెండు జట్లుగా చేసి చూసిన తర్వాతనే. చేలో పెరిగిన శాస్త్రం రోగి మంచం దగ్గరకొస్తే నవ్వవలసిందేముంది?

"మందుకు పరీక్ష కావాలి సరే, సేవకు పరీక్షేమిటి? దయ వుంటే చాలదా?" అనవచ్చు. చాలదు. మా నాయనమ్మ తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు వార్డులో పూటపూటా వీపుకు స్పిరిటు రాసి, ఎముక తేలినచోట గట్టిగా మర్దనా చేసేవారు. చేసినామె ఎంతో ఆప్యాయంగా చేసేది. పక్కకు తిప్పటం మాత్రం ఎవరికి తీరితే అప్పుడు. పదిరోజుల్లో పుండు పడింది. అది మానటానికి నెలలు పట్టింది. లండనులో డోరీన్ నార్టన్ అనే నర్సు తన సహచరులతో కలిసి వృద్ధ రోగుల మీద చేసిన పరిశోధన 1962లోనే వెలువడింది. రెండు మూడు గంటలకోసారి పక్క మార్చినవాళ్ళకు పుండ్లు తక్కువ పడ్డాయని అది చూపింది. ఎముక తేలినచోట మర్దనా చెయ్యవద్దనే నేటి మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఆపరేషనుకు ముందు బ్లేడుతో వెంట్రుకలు గొరగటం కూడా శుభ్రత పేరుతో వచ్చిన అలవాటే. దానివల్ల చర్మం గీరుకుని చీము పట్టే ప్రమాదముంది గనుక, అలా చెయ్యవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గట్టిగా చెప్పింది. తియ్యక తప్పకపోతే క్లిప్పరుతో కత్తిరించమంది.

"యివన్నీ పుస్తకాల మాటలు. వార్డులో నర్సులే చాలరు, గంటగంటకీ అందరినీ తిప్పేదెవరు?" ఇది బలమైన ప్రశ్న. నర్సుల సంఖ్య పెంచవలసిందే, అందులో వాదం లేదు. కాని చాలనప్పుడే గదా లెక్క అవసరం! నార్టన్ ఒక కొలత కూడా తయారుచేసింది. రోగి శరీరస్థితి, తెలివి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు — యీ అయిదింటికీ ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు. మొత్తం పధ్నాలుగు, అంతకు లోపు వస్తే పుండు పడే ప్రమాదం వున్నట్టు. నలభై మంది వున్న వార్డులో ఏ ఆరుగురిని ముందు తిప్పాలో ఒంటరి నర్సుకు యిది చెబుతుంది. నీళ్ళు చాలని ఏడు ఏ మడికి ముందు తడి కట్టాలో రైతు చూసుకోడూ? అలాంటిదే.

యీ చదువు నిన్న మొన్నటిది కాదు. ఢిల్లీ రాజకుమారి అమృత్ కౌర్ నర్సింగు కళాశాలలో ఎం.యస్సీ. స్థాయి చదువు 1959లోనే మొదలైంది. నేటి ఎం.యస్సీ. నర్సింగులో పరిశోధన, స్టాటిస్టిక్సు ఒక పాఠ్యాంశం. థీసిస్ రాయటం తప్పనిసరి. చిక్కల్లా ఆ థీసిస్ దగ్గరే వుంది. అక్క తెచ్చిన కొన్నింటిని తిరగేశాను. ఫలానా జబ్బు గురించి పాఠం చెప్పకముందు ఎన్ని మార్కులు, చెప్పాక ఎన్ని మార్కులు — అన్నిటా యిదే వరస. పాఠం చెబితే మార్కులు పెరగటం వింతా? "పక్క చెక్క ఏదీ?" అని మా నాన్నే అడిగేస్తాడు. ఎన్ని పుండ్లు తగ్గాయి, ఎన్ని జ్వరాలు తగ్గాయి అన్నది గదా లెక్క! పైగా ఎం.యస్సీ. అయినవాళ్ళలో చాలామంది నర్సింగు కాలేజీలకు పాఠాలు చెప్పటానికి పోతారు. నేర్చిన విద్య మంచం దాకా రాదు.

కనుక నేను కోరేది యిదీ. థీసిస్ ప్రశ్న వార్డులోంచి పుట్టాలి. ఎం.యస్సీ. చదివిన నర్సుకు వార్డులోనే హోదా, జీతం, పాత అలవాటును మార్చి చూసే అధికారం యివ్వాలి. రుజువును వెతకటం, తూచటం, ఎదుటనున్న రోగికి సరిపడేలా వాడటం, ఫలితాన్ని రాసిపెట్టటం ఆమె పనిలో భాగం కావాలి.

మనవంతు కూడా ఒకటుంది. ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే మనం దీపం బొమ్మే గీస్తాం. క్రిమియా యుద్ధంలో గాయాలకంటే జబ్బులవల్లే ఎక్కువమంది సైనికులు చనిపోయారని ఆమె లెక్కలు కట్టి, పటాలు గీసి ప్రభుత్వాన్ని కదిలించింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో తొలి మహిళా సభ్యురాలైంది. మన స్టాటిస్టిక్సు విద్యార్థులు ప్రతి ఏడూ ప్రాజెక్టులకోసం అంకెలు వెతుక్కుంటున్నారు. ఊళ్ళోనే నర్సింగు విద్యార్థినులు లెక్కలు కట్టేవాళ్ళు లేక అవస్థపడుతున్నారు. రాబోయే యూనియన్ కార్యవర్గం యీ యిద్దరినీ ఒకచోట కూర్చోబెడితే చాలు. వార్షికోత్సవానికి పెట్టే ఖర్చులో పదోవంతు కూడా కాదు.