గడువు దాటిన హక్కు



పెన్నకాలువల క్రింద ఎడగారునకు నీరు విడుచు దినమును మరచిన రైతును మనమెచ్చటను గానము. వంతునీరు తప్పినచో మడి యెండునని యెల్లరకును దెలియును. కాని కోర్టు గడువు తప్పినచో మడి యెండుట గాదు, మడియే చేజారునని యెరిగినవారు మనలో మిక్కిలి యరుదు. అల్లూరు మొదలు ముత్తుకూరు వరకు గల యీ తీరగ్రామములలో పైరుభూమికో, సరుగుడు తోటకో, రొయ్యల గుంటకో సంబంధించిన తగవు లేని యూరు లేదు. న్యాయము తమ పక్షమున నుండియు వ్యాజ్యము పోగొట్టుకొన్నవారు వకీలును నిందింతురు, జడ్జీని నిందింతురు. పెక్కు సందర్భములలో తప్పు తేదీని లెక్కింపని మనదేయని నా యభిప్రాయము.

మొదటి పొరపాటు సమనుకడనే జరుగును. అమీనా వచ్చుచున్నాడని విని తోటలోనికి బోవుటయు, కాగితము పుచ్చుకొనక త్రిప్పి పంపుటయు తెలివియని కొందరెంచుచున్నారు. అది తెలివి గాదు. పుచ్చుకొననన్నచో అమీనా దానిని వాకిటితలుపునకు అంటించి పోవును. కోర్టువారు విచారించి సమను అందినట్లే నిర్ణయింపవచ్చును. అందిన నాటినుండి 30 దినములలో ప్రతివాది లిఖితమూలకముగా జవాబు దాఖలు చేయవలెను. కోర్టువారు కారణములు వ్రాసి 90 దినముల వరకు పొడిగింపవచ్చును. సాధారణ వ్యాజ్యములలో ఆపైని గూడ అనుమతింపవచ్చునని సుప్రీంకోర్టు 2005లో చెప్పినది నిజమే. కాని యది అసాధారణ సందర్భములకే గాని అలసత్వమునకు గాదు. హాజరు కానివానిపై ఏకపక్షపు డిక్రీ యగును. దానిని రద్దుపరచుకొనుటకు డిక్రీ తేదీనుండి 30 దినములు, సమను సక్రమముగా అందనిచో డిక్రీసంగతి తెలిసిన నాటినుండి 30 దినములు మాత్రమే గడువు.

ఇక వాదియైన రైతు సంగతి. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి, అడిగినప్పుడు చెల్లింతునను ప్రామిసరీ నోటుపై 3 సంవత్సరములలో దావా వేయవలెను. దాటినచో నోటునకు కాలదోషము పట్టును. ప్రతివాది యామాట యెత్తకున్నను కోర్టువారు తామే దావాను కొట్టివేయవలసియున్నది. అపీళ్ల ఆలస్యమును తగిన కారణమున్నచో మన్నింతురు గాని, దావా ఆలస్యమును మన్నించు అధికారము ఆ చట్టము కోర్టున కొసగలేదు. గడువులోపల బాకీదారు కొంత చెల్లించి సంతకముతో చెల్లు వ్రాసియిచ్చినను, బాకీ యున్నదని వ్రాసి సంతకము చేసినను, ఆ దినమునుండి మరల 3 సంవత్సరములు వచ్చును. “మనవాడే, పంటకు ఇచ్చును” అను నోటిమాటకు విలువ లేదు. తీర్పుపై జిల్లాకోర్టునకు 30 దినములలోను, హైకోర్టునకు 90 దినములలోను అపీలు చేయవలెను. నకలు పొందుటకు పట్టిన కాలము దీనిలో చేరదు. కావున తీర్పు చెప్పిన వెంటనే నకలునకు దరఖాస్తు పెట్టుకొనుట మంచిది.

అన్నిటికంటె కఠినమైనది వేలపు గడువు. డిక్రీక్రింద భూమి వేలమైనచో, డిక్రీబాకీని, కొన్నవాని సొమ్ముపై నూటికి 5 వంతున అదనమును 60 దినములలో కోర్టున కట్టి వేలమును రద్దుచేయించుకొనవచ్చును. ఈ దరఖాస్తునకు ఆలస్యక్షమాపణ వర్తింపదు. 61వ దినమున సొమ్ము మూటగట్టుకొని వచ్చిన రైతు కన్నీటికి కోర్టున మందు లేదు.

“తేదీ తప్పినంతమాత్రమున ధర్మము తప్పునా?” యని మీరడుగవచ్చును. ఆ గడువే మనలను గూడ కాపాడుచున్నదని మరువరాదు. తండ్రి ఎన్నడో తీర్చిన నోటును ఇరువదియేండ్లకు బైటికిదీసి, రసీదు లేని కొడుకును కోర్టు కీడ్చువాని కడ్డుపడునది కాలదోషమే. పైగా ఈ నియమము పేదకొకటి, పెద్దకొకటి గాదు. విశాఖపట్నపు భూమి దావా యొకదానిలో ప్రభుత్వము హైకోర్టున అపీలు చేసియుండగా ఎదుటి కక్షిదారు మరణించెను. ఆతని వారసులను సకాలమున చేర్పలేదు. 3703 దినముల ఆలస్యమును హైకోర్టు మన్నింపగా, సుప్రీంకోర్టు 2011లో ఆ మన్నింపును త్రోసివేసెను. ప్రభుత్వమునకే దొరకని క్షమ మనకు సులభముగా దొరకునని నమ్మియుండుట ప్రమాదము.

కరోనా వ్యాధి కారణమున 2020 మార్చి 15 మొదలు 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలమును గడువులలో లెక్కింపరాదని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. 2021 నవంబరు పెన్నవరదలు ఆ కాలమున పడినందున, నాటి గడువులు తప్పినవారికి రక్ష దొరికినది. ప్రతి తుపానునకు ఇట్టి రక్ష దొరకదు. కడపటి దినమున కోర్టు మూసియున్నచో తెరచిన దినమున దాఖలు చేయవచ్చును. కోర్టు తెరచియుండి మన త్రోవ మునిగినచో, ఆ కష్టమును మనమే రుజువు చేసికొనవలెను.

కావున నా సూచన యిది. ప్రతి సంఘమును వాయిదాల పుస్తక మొకటి యుంచవలెను. సభ్యునికి సమను వచ్చిన తేదీ, నోటు తేదీ, తీర్పు తేదీ, వాటి కడపటి దినములు అందు వ్రాసి, నెలనెలా చదివి వినిపింపవలెను. సమనుతోడనే జవాబునకు కడపటి తేదీని తేటతెలుగున వ్రాసి యిచ్చుట న్యాయస్థానములకును భారము గాదు. వకీలు ఫీజునకు జంకి ఆలసించువారు 1987 నాటి న్యాయసేవాధికార చట్టమును తలంపవలెను. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, వరదలు, కరవులవలన నష్టపడినవారికిని ఉచితముగా వకీలును ఏర్పరచుటకు ఆ చట్టము వీలు కల్పించినది. నెల్లూరి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక్క దరఖాస్తు చాలును.

వానకు ముందే గట్టు వేసికొను రైతు, గడువునకు ముందే కాగితము వేసికొనలేడా? పంట పోయినచో మరుసటి కారు కలదు. గడువు దాటిన హక్కునకు మరుసటి కారు లేదు.