బీపీ మాత్రతో పాటు ఒక ప్రశ్న

తెలంగాణ వైద్యారోగ్య శాఖ మంత్రి గారికి,

2017లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో మనదొకటి. జనగామ, మానుకోట, భూపాలపల్లి సర్కారు దవాఖానల్లో బీపీ మాత్రలు ఉచితం. సంతోషం. కానీ మిరప ఏరడానికి కూలికి పోయేనాడు మాత్ర ఎగ్గొట్టే ఆడవాళ్లున్నారు. క్లోర్థాలిడోన్ అనే బీపీ మాత్ర ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపేస్తుంది. రాత్రి నిద్ర చెడకుండా పొద్దున్నే వేసుకోమంటారు, మరి చేనులో చాటెక్కడిది? ఆమ్లోడిపిన్ అనే ఇంకో మాత్రతో కాళ్లు వాస్తే, పడుకున్నాక ఆ నీరే మూత్రమై లేపుతుంది. ప్రాజోసిన్ వాడే కొందరు స్త్రీలకు దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడతాయి. సిగ్గుతో చెప్పరు. చెప్పకుండా మానేస్తే పక్షవాతం ముప్పు.

ఏఎన్‌ఎం బీపీ చూసేటప్పుడే "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్ అవ్వా?" అని అడిగి, కార్డు మీద రాసేలా ఆదేశించండి. వేళ మార్చాలో, మాత్రే మార్చాలో డాక్టరు చూసుకుంటారు.