కుక్కరు కూత పెట్టకపోతే పొయ్యి మారుస్తామా?

ఈ వారం వంటింటి తలుపు దగ్గరగా వేసి, కాస్త కారు షెడ్డులోకి వద్దాం రండి. “ఆ మసిగొడవ మాకెందుకమ్మా!” అనకండి. మీలో బండి నడిపేవాళ్ళు ఇప్పుడు తక్కువేం కాదు. నడపకపోయినా, రిపేరు బిల్లుకు వెళ్ళేది మన ఇంటి డబ్బే కదా.

పాడేరు దగ్గర మాకు చిన్న కాఫీ తోట ఉంది. అక్కడి మట్టిదారికి మామూలు కారు పనికిరాదని డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాం. మొన్న వేసవిలో మాడుగుల దాటి ఘాట్ ఎక్కుతున్నాను. ముందొక లారీ నత్తలా పోతోంది. దారి ఖాళీగా కనిపించి, దాన్ని దాటుదామని యాక్సిలరేటర్ నొక్కాను. బండి కదిలితేనా! ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంతసేపు ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా మలుపులోంచి బస్సు వచ్చేసింది. బ్రేకు వేసి మళ్ళీ లారీ వెనక్కి చేరేసరికి ఒళ్ళంతా చెమట.

ఇంటికొచ్చి చెబితే మావారు, “నువ్వు గేరు తగ్గించి ఉండవు” అన్నారు. మెకానిక్కేమో బానెట్ ఎత్తి చూసి, “ఇంజెక్టర్లు పోయాయమ్మా, పంపు కూడా దించాలి, 60 వేలు దాకా అవుతుంది” అన్నాడు. నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. ఇంజెక్టర్లే పోతే, ఇంజన్ ఆన్ చేసి నిలబెట్టినప్పుడు అంత నున్నగా ఎలా ఆడుతుంది?

అప్పుడు తీరుబడిగా కూర్చుని ఆలోచించాను. డీజిల్ ఇంజన్‌కు కావలసింది రెండే: నూనె, గాలి. గ్యాస్ స్టవ్‌కు గాలి సరిగ్గా అందకపోతే మంట పచ్చబడి గిన్నెల అడుగు నల్లబడుతుందా లేదా? ఇదీ అంతే. గట్టిగా నొక్కినప్పుడు సైలెన్సర్‌లోంచి నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదని మొదటి అనుమానం. పొగ లేకుండా నీరసంగా ఉంటే డీజిల్ సరిగ్గా అందడం లేదేమో చూడాలి. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా, అందులో నీళ్ళు చేరినా ఇలాగే ఉంటుంది. మా బండి నల్ల పొగే వదులుతోంది.

పొగ సంగతి తేలాక కూడా వెంటనే ఇంజన్ మీద పడకండి. ముందు ఖర్చులేనివి చూసుకోవాలి. పెడల్ కింద మ్యాట్ అడ్డుపడుతోందా? నవ్వకండి, మా బండిలో పడింది! మట్టి కాళ్ళకని నేనే మందపాటి కొబ్బరిపీచు మ్యాట్ వేశాను. దాంతో పెడల్ పూర్తిగా కిందికి దిగడం లేదు. మావారు వారం రోజులు ఎగతాళి చేశారు. కానీ అది తీసేశాక కూడా ఆ ఆలస్యం పోలేదు, అది వేరే సంగతి. పాత జీపుల్లోనైతే యాక్సిలరేటర్ కేబుల్ వదులైందేమో చూడాలి. కొత్త బండ్లలో కేబుల్ ఉండదు, పెడల్ దగ్గర సెన్సార్ ఉంటుంది. అది పాడైతే సాధారణంగా డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతుంది.

ఇంజన్ రొద పెరుగుతున్నా బండి వేగం అందుకోకపోతే అనుమానం క్లచ్ మీద. కొంత దూరం నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర మాత్రం వేడి సెగ కొడుతుంటే బ్రేకు పట్టేసి ఉండొచ్చు (చేత్తో ముట్టుకోకండి, కాలుతుంది). ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. బురదలో వేసిన లో రేంజ్ తారు రోడ్డు మీదికి వచ్చాక తీశారా లేదా?

ఇక ఎయిర్ ఫిల్టర్. మా ఎర్రమట్టి దారికి అది మూణ్ణెల్లకే ఇటుక రంగుకు తిరుగుతుంది. కాగితం ఫిల్టర్‌ను నీళ్ళతో కడగకండి, మార్చేయండి. అది తీసేసి “గాలి బాగా ఆడుతుంది” అని బండి నడిపేవాళ్ళున్నారు. ఆ పని మాత్రం వద్దు, దుమ్ము నేరుగా టర్బోలోకి పోతుంది.

టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బయటికి పోయే పొగ వేగానికి ఒక చిన్న చక్రం తిరిగి, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోస్తుంది. చక్రం వేగం అందుకునేదాకా కాస్త ఆలస్యం ఏ టర్బో బండికైనా సహజమే. కొన్ననాటి నుంచీ ఉన్న ఆలస్యం వేరు, కొత్తగా మొదలైనది వేరు. ఆ గాలి రబ్బరు హోసుల గుండా పోతుంది. హోసు చీలితే గాలి దారిలోనే జారిపోతుంది. కుక్కరు గాస్కెట్ వదులైతే మంట ఎంత పెంచినా కూత రాదు చూడండి, అచ్చం అలాగే!

నేను వేరే మెకానిక్ దగ్గరికి వెళ్ళి, “ఏదీ విప్పకముందు కంప్యూటర్ పెట్టి ఫాల్ట్ కోడ్ చూడు నాయనా, టర్బో గాలి ఒత్తిడి ఉండాల్సింది ఎంత, ఉన్నది ఎంత చెప్పు” అన్నాను. బండి నడుపుతూ చూస్తే ఒత్తిడి తక్కువే వచ్చింది. వెతికితే ఇంటర్‌కూలర్‌కు వెళ్ళే హోసు అడుగున వేలెడు చీలిక, దాని చుట్టూ నూనె జిడ్డు. ఇంజన్ ఊరికే ఆడుతున్నప్పుడు ఆ చీలిక మూసుకునే ఉంటుంది, బరువు పడితేనే నోరు తెరుస్తుంది. అందుకే బానెట్ ఎత్తి చూసినవాళ్ళకు కనబడలేదు. హోసు, రెండు క్లిప్పులు, కూలీ కలిపి 60 వేలలో పదో వంతు కూడా కాలేదు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండి మీదైతే పొగగొట్టంలో మసి ఫిల్టర్ కూడా ఉంటుంది. ఊళ్ళోనే చిన్న చిన్న దూరాలు తిప్పితే అది మూసుకుపోయి బండి లాగదు. దాని లైటు వెలిగితే బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినట్టు హైవే మీద కాసేపు ఆగకుండా నడపాలి.

ఒక్క జాగ్రత్త. ఇంజెక్టర్లకు వెళ్ళే సన్నటి ఇనుప గొట్టాల జోలికి మీరు పోవద్దు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్‌లకు కాస్త అటూ ఇటూ. కొత్త డీజిల్ ఇంజన్ల గొట్టాల్లో అది వెయ్యి బార్‌లు దాటుతుంది. సన్నటి ధార తగిలినా చర్మంలోకి దూసుకుపోతుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్ళేటప్పుడు “బండి లాగట్లేదు” అని ఊరుకోకుండా ఒక చీటీ మీద రాసుకెళ్ళండి: ఎప్పటి నుంచి, ఏ గేరులో, ఎత్తులోనా చదునులోనా, పొగ ఏ రంగు, ఏ లైటు వెలిగింది. నా చీటీ చూసి ఆ అబ్బాయి, “ఇదెవరు రాశారమ్మా, సారా?” అని అడిగాడు. మావారు పక్కనే నిలబడి ఉన్నారు!