బ్రెజిల్‌కి మూడు టిక్కెట్లు

'బ్రెజిల్ వెళ్లేముందు ఏ సినిమా చూడమంటారు?' అని అడవులదీవి నుంచి ఓ కుర్రాడు అడిగాడు. ఒకటి చాలదు తమ్ముడూ, మూడు చూడు!

1959 నాటి 'బ్లాక్ ఆర్ఫియస్'లో రియో అంటే ఆటా పాటా, పండగే పండగ. తీసింది ఫ్రెంచి దర్శకుడు. అందుకే అది చుట్టపుచూపు. 2002లో వచ్చిన 'సిటీ ఆఫ్ గాడ్'లో అదే రియో పేటల్లో చిన్న కుర్రాళ్ల చేతుల్లో తుపాకులు. అదొక్కటే చూస్తే ప్రయాణం మానుకోబుద్ధేస్తుంది! 1998 నాటి 'సెంట్రల్ స్టేషన్'లో చదువురానివాళ్లకి ఉత్తరాలు రాసిపెట్టే ఓ పంతులమ్మ, తల్లిపోయిన పిల్లాణ్ణి వెంటబెట్టుకుని, వాడి తండ్రిని వెతుక్కుంటూ బస్సుల్లో, లారీల్లో లోపలి ఊళ్లన్నీ తిరుగుతుంది. నా ఓటు దీనికే.

ఎందుకంటారా? మన దేశానికి రెండున్నర రెట్లున్న దేశం ఒక్క రియోలో ఇమడదు. అక్కడి పచ్చికబయళ్లలో మన ఒంగోలు పశువుల సంతతి మందలు మందలు. పేరు 'నెలోర్', అంటే మన నెల్లూరే! ఉత్తర తీరాన మీ ఊరివైపు ఉన్నట్టే మడ అడవులు. భాష స్పానిష్ కాదు, పోర్చుగీసు. నాలుగు ముక్కలు నేర్చుకో. ఉష్ణదేశమే కదా అని ఉత్త చొక్కాలతో పోకు. జూన్, జూలైల్లో దక్షిణాన చలికాలం.

అన్నట్టు, ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకో. సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి, 6 రోజుల దాకా విడిగా ఉంచగలరు. ఈ మూడు సినిమాల్లోనూ ఆ సీను లేదు మరి!